స్వయంసమృద్ధ టవర్‌కి ట్యాంకరొచ్చింది

నార్సింగిలో మా బావ కొన్న ఫ్లాట్ బ్రోచర్ మీద 'స్వయంసమృద్ధ నివాసాలు' అని బంగారు రంగులో అచ్చేశారు. ఆ విశేషణం మీద గౌరవంతో ఆదివారం పొద్దున్నే వెళ్లాను. గేటు దగ్గర అరగంట ఆగాను. ముందు మూడు నీళ్ల ట్యాంకర్లున్నాయి.

స్వయం అంటే తనకు తానుగా, సమృద్ధి అంటే నిండుగా. ఒకరి ముందు చెంబు పట్టుకుని నిలబడక్కర్లేదని భావం. నిజమే, ఇక్కడ చెంబు లేదు, గొట్టముంది. అది సంపులో దిగగానే వాచ్‌మన్ ఫోనందుకున్నాడు. "సార్, అయిదో టవర్‌కు నీళ్లిడుస్తున్న, జల్ది స్నానాలు చేస్కోండ్రి." అయిదో టవర్ స్వయంగా, సమృద్ధిగా స్నానం చేసింది. తర్వాత పాలొచ్చాయి, ఇడ్లీ వచ్చింది, ఇడ్లీతో రావలసిన చట్నీ వేరే బండి మీద వచ్చింది, కుక్కను తిప్పే కుర్రాడొచ్చాడు. కుక్క ఒక్కటే సొంతంగా నడిచింది.

బడిలో చదువుకున్న సైన్సు ప్రకారం స్వయంపోషకాలంటే మొక్కలు. ఆ లెక్కన ఆ బిరుదు గేటు పక్క క్రోటన్లకే దక్కాలి. వాటికీ ట్యాంకర్ నీళ్లేననుకోండి.

2020 మేలో ప్రధాని నోట వచ్చిన 'ఆత్మనిర్భర్' అన్నా మా బావకి మోజే. హిందీలో 'నిర్భర్' అంటే ఆధారపడిన. మన నిఘంటువుల్లో నిర్భరమంటే మిక్కిలి, నిండైన. అంటే తనతో తానే నిండిపోయినవాడు. బావకి తెలుగర్థమే అతికినట్టు సరిపోతుంది.

మా హైదరాబాద్ ఊరు మాత్రం తక్కువ తిందా? మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) చాలక మంజీర, సింగూరు, నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి తెచ్చుకుని తాగుతున్నాం. గండిపేట పక్కనే కూర్చుని ట్యాంకర్ కోసం మెడలు చాపడం మాత్రం ఈ టవర్ల ప్రత్యేకత.

ఇంతవరకూ నవ్వుకున్నాను. లిఫ్టు దగ్గర కాగితం చూశాక నవ్వు రాలేదు. 'పనివారు, డెలివరీవారు సర్వీస్ లిఫ్టే వాడాలి.' నా మేనల్లుణ్ణి పొద్దుణ్ణుంచి రాత్రి దాకా మోసే ఆమెకి, వాడు చంకలో ఉన్నంతసేపూ పెద్ద లిఫ్టు ఎక్కే హక్కుంది. వాణ్ణి దించితే లేదు. మీరు తిన్న కంచం కడిగేది ఆమె, మీ పిల్లాడి ముడ్డి కడిగేది ఆమె, ఆమె నిలబడితే మాత్రం మీ లిఫ్టు మైలపడుతుందా? సిగ్గులేదూ! ఆమె రెండు రోజులు రాకపోతే తెలుస్తుంది మీ సమృద్ధి ఎంతో.

ఇదే బావని అడిగాను.

"అది అసోసియేషన్ రూలోయ్, నా చేతిలో ఏముంది?" అన్నాడు.

అసోసియేషన్ సెక్రటరీ మా బావే.