పాఠాలు చెబితే వెనకబడినట్టా?
అమెరికా జాజ్ గిటారిస్టు మిక్ గుడ్రిక్ పాఠాల్లో పడి కచేరీలు తగ్గించుకోకపోతే ఇంకా పెద్ద పేరు వచ్చేదని ఎవరో రాశారు, నేనొప్పుకోను. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో జాన్ స్కోఫీల్డ్, బిల్ ఫ్రిసెల్, మైక్ స్టెర్న్ లాంటి పేరుమోసిన జాజ్ గిటారిస్టులు ఉన్నారు. ఇంతకంటే ఏం పేరు కావాలండీ! 1970ల్లో పేరున్న జాజ్ వైబ్రాఫోన్ వాద్యకారుడు గ్యారీ బర్టన్ బృందంలో వాయించిన మనిషి, చేతగాక పాఠాలకి దిగలేదు. స్కేలు (స్వరాల వరుస) మొత్తం ఒకే తీగ మీద, ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్ల) వెంట పైకీ కిందకీ వాయించమనేవాడాయన. మా రాజోలులో చర్చి పాటలకు గిటార్ నేర్పిన మాస్టారు నాచేత ఇదే చేయించారు, మిగతా తీగల కింద గుడ్డముక్క దోపి మరీ. వేలు బొబ్బలెక్కి లోపల తిట్టుకునేవాణ్ణి గానీ, ఏ స్వరం ఎక్కడుందో చేతికి తెలిసింది అప్పుడే. వీణవాళ్లకి ఇలా ఒకే తీగ మీద వాయించడం కొత్తేం కాదు. పాఠాల సంగతికొస్తే, ద్రాక్షారామంలో పుట్టిన వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు కచేరీలూ చేశారు, చిట్టిబాబు లాంటి వైణికుణ్ణీ తయారుచేశారు. శిష్యుడికి అంత పేరొస్తే గురువుగారు నష్టపోయారని మనవైపు ఎవరూ అనుకోలేదు.