పత్తికొండ టమోటాకు టెలికాం పాలసీ కావాలి

కర్నూలు జిల్లా టమోటా రైతుకు లేనిదీ, మొబైల్ కంపెనీలకు దండిగా ఉన్నదీ ఒకటుంది. ఐకమత్యం. 2024 జూన్ 27న జియో రేట్లు పెంచుతున్నానంది. మర్నాడే ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కూడా అదే మాట అన్నాయి. జులై 3న మొదటి రెండూ, 4న మూడోదీ పెంచేశాయి. 2021 నవంబరులోనూ ఇంతే, 2019 డిసెంబరులోనూ ఇంతే. వాళ్లు ముందుగా మాట్లాడుకున్నారని ఎవరూ రుజువు చేయలేదు. రుజువు లేకుండా కుమ్మక్కు అనడం మర్యాద కాదు. మాట్లాడుకోకుండానే ఇంత పొందిక కుదిరిందంటే, ఇక మాట్లాడుకుంటే ఏమయ్యేదో!

అదే పత్తికొండ మార్కెట్‌లో చూడండి. తెల్లారేసరికి ఎవరి గంపలు వాళ్లు దించుకుని, ఎవరి ధరకు వాళ్లు ఏడుస్తుంటారు. కిలో రూపాయికి పడిన రోజులున్నాయి, రోడ్డు మీద పారబోసి పోయిన రోజులున్నాయి. దిగుబడి ఎక్కువైందని అధికారులు అంటారు. దిగుబడి కాదు, ఎక్కువైంది రైతులు.

మార్కెట్ ఎంతమంది చేతుల్లో ఉందో కొలిచే పరికరం అర్థశాస్త్రంలో ఉంది. దాని పేరు హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచీ. ఒక్కో కంపెనీ వాటా ఎంత శాతమో, ఆ అంకెను దానితోనే హెచ్చించి, అన్నిటినీ కూడాలి. ఒక్కడే వ్యాపారి ఉంటే పది వేలు వస్తుంది. 1,800 దాటితే మార్కెట్ కొద్దిమంది గుప్పిట్లో ఉన్నట్టేనని అమెరికా వాళ్లు 2023లో రాసుకున్నారు. మన మొబైల్ మార్కెట్‌కు మూడు వేల పైనే. పత్తికొండ టమోటాకు వేస్తే సున్నా దగ్గర ఆగుతుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని 'సంపూర్ణ పోటీ' అని మెచ్చుకుంటాయి. అవి రాసినవాళ్లకు టమోటా తోట ఉండి ఉండదు.

కనుక నా సిఫార్సు: పత్తికొండ మార్కెట్ యార్డును వెంటనే టెలికాం శాఖకు అప్పగించాలి.

ముందు జనాన్ని తగ్గించాలి. దారి చూపినవాళ్లున్నారు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి, 2017 మార్చి 31 దాకా అన్నీ ఉచితంగా ఇచ్చింది. ఇది మమ్మల్ని ముంచే ధర అని ఎయిర్‌టెల్, వ్యాపారంలో పోటీ సవ్యంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్‌కు మొరపెట్టుకుంది. మార్కెట్‌లో పెత్తనం ఉన్నవాడు అలా అమ్మితే తప్పు, ఇప్పుడే వచ్చినవాడు అమ్మితే పోటీ అని కమిషన్ ఆ జూన్‌లో ఫైలు మూసింది. చట్టం నిజంగా అలాగే ఉంది, కమిషన్‌ను అనడానికి లేదు. ఆ తర్వాత ఎయిర్‌సెల్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ (ఆర్‌కామ్) దివాలా తీశాయి. టెలినార్, టాటా మొబైల్ వ్యాపారాలు ఎయిర్‌టెల్‌లో కలిశాయి. వొడాఫోన్, ఐడియా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. అదే పద్ధతిలో జేబు బరువున్న ఆసామి ఎవరైనా పత్తికొండలో ఏడు నెలలు టమోటా ఊరికే పంచితే చాలు, ఎనిమిదో నెలకు ముగ్గురే మిగులుతారు.

యార్డు బయట టీ కొట్టు దగ్గర ఓ రైతుకు ఇదంతా విడమరచి చెప్పాను. "ముగ్గురే మిగలల్లంటే మిగతా వాళ్లం యాడికి పోవల్ల సార్?" అన్నాడు. విలీనం అన్నాను. "అంటే గుంటూరికి మిరపకాయలు కోయను పోయేదే కదా? ఏటా పోతానే ఉండాం. దానికి పాలసీ యాలప్పా?" అన్నాడు. పాలసీ లేకుండా చేస్తే వలస, పాలసీతో చేస్తే సంస్కరణ అని చెప్పినా వినలేదు.

ముగ్గురు మిగిలాక ధర సంగతి మనకెందుకు? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా రేట్లను మార్కెట్‌కే వదిలేసింది. 2024లో రేట్లు పెరిగినప్పుడు కేంద్రం చెప్పిందీ అదే. కాకపోతే వాలిడిటీ ముఖ్యం. నెలకు 28 రోజులు, ఏడాదికి 13 నెలలు అనే పంచాంగాన్ని కంపెనీలు ఎప్పుడో అమల్లో పెట్టాయి. 30 రోజుల ప్లాన్ ఒకటైనా ఉంచండని ట్రాయ్ 2022లో ఆదేశించాల్సి వచ్చింది. టమోటా ప్యాక్ కూడా 28 రోజులకే ఇవ్వాలి. కాయ నాలుగో రోజుకే మెత్తబడితే అది వాడకందారుడి నిర్లక్ష్యం. రీచార్జి చేయకపోతే పక్కింటి పప్పు వాసన కూడా లోపలికి రాకుండా ఇన్‌కమింగ్ ఆపేయాలి.

అప్పుల సంగతి కూడా ఉంది. కంపెనీల వడ్డీలు, అద్దెల రాబడిని కూడా లెక్కలో కలిపి ప్రభుత్వానికి వాటా కట్టాల్సిందేనని 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తేల్చింది. వొడాఫోన్ ఐడియా కట్టలేకపోయింది. బాకీలను షేర్ల కింద జమ చేసుకుంటూ పోయిన ప్రభుత్వానికి 2025 నాటికి ఆ కంపెనీలో దాదాపు 49 శాతం చేరింది. రైతుకూ ఇదే వర్తించాలి. బ్యాంకు నోటీసుకు బదులు సర్కారు వచ్చి తోటలో సగం వాటాదారు కావాలి, నష్టంలో సగం మోయాలి. టీ కొట్టు దగ్గరి రైతు ఈ ఒక్క క్లాజు మాత్రం రెండోసారి చదివించుకున్నాడు.

వినియోగదారుల ఫిర్యాదులకు తగిన ఏర్పాటు ఉంది. టెలికాం తగువును మొదట ట్రాయ్ తేల్చాలి, ఆ తర్వాతే కాంపిటీషన్ కమిషన్ చూడాలని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగే టమోటా మీద ఫిర్యాదు ముందు యార్డు కమిటీకి వెళ్తుంది, అక్కడ తేలాక ఢిల్లీకి. ఫిర్యాదుతో పాటు సదరు టమోటాను మూడు ప్రతుల్లో జతపరచాలి. కుళ్లినవి, కారుతున్నవి స్వీకరించబడవు.