గడప దాటనివాడికి పది పాయింట్లే

ఇంగ్లండ్‌లో వికలాంగులకిచ్చే భృతిని పిప్ అంటారు. 2013లో వచ్చింది. ఇంట్లోంచి బయటికి వెళ్లగలరా, ఎంత దూరం నడవగలరు అని చూసి అందులో ఒక భాగానికి పాయింట్లు వేస్తారు. 8 వస్తే చిన్న మొత్తం, 12 వస్తే పెద్ద మొత్తం. మన సదరం క్యాంపులో పర్సెంటేజీ వేసినట్టే, అక్కడ స్కోరు.

ఈ స్కోరును తిట్టేవాళ్లకు క్రికెట్ తెలియదని నా అనుమానం. పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. సర్కారు వారు గీత గీసింది సరిగ్గా 20 మీటర్ల దగ్గర. అంతకు మించి నడవలేకపోతే 12 పాయింట్లు. అదే చేతికర్ర పట్టుకుని ఈ వికెట్ దగ్గర బయల్దేరి, పళ్ల బిగువున ఆ వికెట్ ముట్టుకున్నారనుకోండి, 10. క్రికెట్‌లో అవతలి ఎండ్ చేరితే పరుగొస్తుంది, ఇక్కడ ఉన్నవి పోతాయి. ఇంకెక్కడా పాయింట్లు రాకపోతే, 2025-26 రేట్ల ప్రకారం వారానికి 77.05 పౌండ్ల బదులు 29.20తో సరి. ఆ 12 సెంటీమీటర్ల ఖరీదు 47.85 పౌండ్లన్నమాట. కోకాపేటలో కూడా నేలను సెంటీమీటర్ల లెక్కన అమ్మరు!

సురక్షితంగా, మళ్లీ మళ్లీ నడవగలిగితేనే నడిచినట్టు లెక్క అని రూల్స్‌లో ఉంది. కాదనను. కానీ నొప్పిని కొలిచే టేపు ఇంకా బజారులోకి రాలేదు.

మనసు సంగతి ఇంకా ముచ్చటైనది. తెలిసిన దారిలో కూడా తోడు లేకుండా వెళ్లలేనివారికి 12. విపరీతమైన భయాందోళనతో అసలు గడపే దాటలేనివారికి 10. న్యాయమే కదా! బయల్దేరనివాడు దారి తప్పడు. ఇంట్లో కూర్చున్నవాడికి బస్సు ఛార్జీ దేనికి?

2017లో సర్కారుకు ఈ టెన్షన్ల గోల కూడా ఎక్కువనిపించింది. మనోవేదన వల్ల ప్రయాణం చేయలేకపోతే పెద్దగా పాయింట్లు రాకుండా నిబంధన మార్చింది. అది పచ్చి వివక్ష అని ఆ డిసెంబరులోనే హైకోర్టు తేల్చింది. నెల తిరక్కుండా సర్కారు అప్పీలు ఆలోచన మానుకుని, దాదాపు 16 లక్షల ఫైళ్లు మళ్లీ చూస్తానంది.

ఆ ఫైళ్లకు కూడా పరీక్ష పెట్టాలని నా మనవి. ఈ టేబుల్ మీంచి ఆ టేబుల్‌కు ఎన్ని మీటర్లు కదులుతున్నాయో, తోడు లేకుండా దారి పట్టగలవో లేదో చూస్తే, ప్రతి ఫైలుకూ పన్నెండుకు పన్నెండూ ఖాయం.