ముగింపు వేళ ముందే రాసిపెట్టండి

ఆన్‌లైన్ నమూనా ప్రభుత్వం ఒకటి ఉంది, అంటే ఇంటర్నెట్‌లో సభ పెట్టుకుని, సందేశాలతో ఓట్లు వేస్తూ చట్టాలు చేసే ఆట. అందులో ఒక బిల్లు మీద ఓటింగ్ జరుగుతోంది అనుకోండి. రాత్రి పదింటికి ముగుస్తుందని స్పీకర్ ముందే చెప్పారు. తొమ్మిది నలభైకి చూస్తే అవును అన్నవాళ్లు 9 మంది, కాదన్నవాళ్లు 8 మంది. తొమ్మిది యాభైకి ఒక సభ్యుడు రెండు రోజుల కిందట తాను పెట్టిన సందేశం మళ్లీ తెరిచి, అందులో అవును తీసేసి కాదు అని రాశాడు. దాని కింద, మార్చినట్టుగా బూడిద రంగులో చిన్న గుర్తు పడిందే తప్ప అంతకుముందు అక్కడ ఏముందో ఇక ఎవరికీ కనిపించదు. ఇప్పుడు బిల్లు ఓడిపోతోంది. పది దాటిన ఐదు నిమిషాలకు స్పీకర్ వచ్చి, ఇంకా ముగ్గురు ఓటు వేయలేదు కాబట్టి గడువు మరో పన్నెండు గంటలు పెంచుతున్నాం అన్నారు. తెల్లారేసరికి బిల్లు గెలిచింది.

ఆన్‌లైన్ నమూనా ప్రభుత్వాల్లో కొన్నాళ్లు తిరిగినవాళ్లకు ఇది కల్పించి చెప్పిన కథలా అనిపించదు. ఆ స్పీకర్ నియమం మీరారా అంటే, మీరడానికి అక్కడ నియమమే లేదు. గడువు పెంచే అధికారం ఉందని గానీ లేదని గానీ సభా నియమావళిలో ఎక్కడా రాయలేదు. ఓటు మార్చుకోవడం తప్పని కూడా ఎవరూ రాయలేదు. అయినా మర్నాడు సభలో సగం మంది మోసపోయామనే అనుకుంటారు, అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

అందుకే మా మాట సూటిగా చెప్తున్నాం. ఓటింగ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, ఏ లెక్క ప్రకారం గెలుపు ఓటములు తేలుస్తారో, ఓటింగ్ తెరవకముందే రాసి ఉండాలి. తెరిచాక స్పీకర్‌తో సహా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

ఆటే కదా, దీనికింత పట్టింపు ఎందుకు అంటారు కొందరు. నిజం ప్రభుత్వానికి ఖజానా ఉంటుంది, పోలీసులుంటారు, కోర్టులుంటాయి, చట్టం నచ్చకపోయినా జనం పాటించక తప్పదు. నమూనా సభ చేసిన చట్టానికి అలాంటి బలం ఏదీ లేదు, అది సరైన పద్ధతిలో పాసైందని ఓడిపోయినవాళ్లు కూడా ఒప్పుకుంటేనే దానికి విలువ. నిద్ర మానుకుని బిల్లు రాసుకుని, ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడి మద్దతు కూడగట్టుకున్న మనిషి న్యాయంగా ఓడిపోతే వారం తిరక్కుండా ఇంకో బిల్లుతో వస్తాడు, అదే గడువు పెంచడం వల్ల ఓడిపోతే మళ్లీ కనిపించడు. సభలు ఖాళీ అయ్యేది పెద్ద పెద్ద గొడవల వల్ల అనుకుంటాం గానీ, ఇలా ఒక్కొక్కరూ చడీచప్పుడు లేకుండా వెళ్లిపోవడమే మాకు ఎక్కువ కనిపించింది.

గడియారం పట్టుకుని ఫలితం మార్చడం నమూనా సభలు కనిపెట్టిన విద్య కాదు. 2003 నవంబరు 22 తెల్లవారుజామున అమెరికా ప్రతినిధుల సభలో, వృద్ధుల వైద్య బీమా పథకం మెడికేర్‌లో మందుల ఖర్చు కూడా చేర్చే బిల్లు ఓటింగ్‌కు వచ్చింది. అక్కడి నియమం కనీసం 15 నిమిషాలు అంటుంది, గరిష్ఠం ఎంతో చెప్పదు. ఆ సందు చూసుకుని ఓటింగ్‌ను దాదాపు మూడు గంటలు తెరిచి ఉంచారు, ఓడిపోతూ కనిపించిన బిల్లు చివరికి 220–215తో గట్టెక్కింది. తర్వాత 2007లో అదే సభ, కేవలం ఫలితాన్ని తారుమారు చేయడానికే ఓటింగ్ పొడిగించకూడదని నియమం పెట్టుకుంది, రెండేళ్లకే తీసేసింది కూడా. ఆ నియమం నిలబడకపోవడం మాకేమీ ఆశ్చర్యం కాదు. సభాధ్యక్ష స్థానంలో ఉన్నవారి మనసులో ఏ ఉద్దేశం ఉందో ఎవరు నిరూపించగలరు? ఉద్దేశాన్ని నిషేధించే నియమం రాస్తే రోజూ తగువే. పలానా రోజు పలానా గంటకు ముగుస్తుంది అని రాస్తే తగువుకు చోటే ఉండదు.

నమూనా సభలో ఆ గంట ఎంత దూరంలో ఉండాలి అంటే, 72 గంటలకు తగ్గకూడదని మా అభిప్రాయం. సభ్యులు వేర్వేరు దేశాల్లో ఉంటారు, ఒకరికి పగలైతే ఇంకొకరికి అర్ధరాత్రి, ఒకరికి పరీక్షలు, ఒకరికి నైట్ డ్యూటీ. 2002లో మొదలైన నేషన్‌స్టేట్స్ అనే ఆన్‌లైన్ ఆటలో, ఆటలోని దేశాల ఉమ్మడి సభ అయిన వరల్డ్ అసెంబ్లీ తీర్మానాల మీద నాలుగు రోజులు ఓటింగ్ నడుస్తుంది, ముగిసేలోగా ఎవరైనా తమ ఓటు మార్చుకోవచ్చు. ముగింపు వేళ ఏ టైమ్ జోన్ ప్రకారమో కూడా పక్కనే రాయాలి. అది రాయకుండా "ఆదివారం రాత్రి వరకు" అని వదిలేస్తే, సభ్యులున్నన్ని ఆదివారం రాత్రులు తయారవుతాయి.

గడువు పెంచడం ఎంత తప్పో ముందే మూసేయడమూ అంతే తప్పు. ఎలాగూ మెజారిటీ వచ్చేసింది, ఇంకెందుకు అని రెండో రోజే లెక్క ప్రకటించే స్పీకర్లున్నారు. పని తొందరగా అవ్వాలన్న మంచి మనసుతోనే చేస్తారు. కానీ ఓటు మార్చుకునే వీలున్న చోట మెజారిటీ చివరి నిమిషం దాకా వచ్చినట్టు కాదు, పైగా మూడో రోజు వేద్దామనుకున్న సభ్యుడి పేరు రికార్డులో లేకుండా పోతుంది.

ఇక కోరం, అంటే ఓటింగ్ చెల్లాలంటే కనీసం ఎంతమంది పాల్గొనాలన్న సంఖ్య. నమూనా సభల్లో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇక్కడే ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. 20 మంది సభ, కోరం 11 అనుకుందాం. ఒక బిల్లుకు 8 మంది అవును అన్నారు. దాన్ని గట్టిగా వ్యతిరేకించే ముగ్గురు నిజాయితీగా వచ్చి కాదు అని వేశారు. మొత్తం 11 ఓట్లయ్యాయి, కోరం నిండింది, బిల్లు 8–3తో పాసైంది. ఆ ముగ్గురిలో ఒక్కరు ఓటు వేయకుండా ఊరుకున్నా కోరం లేక బిల్లు పడిపోయేది. అంటే ఆ బిల్లును గెలిపించింది దాన్ని వ్యతిరేకించినవాళ్లే. ఈ సంగతి సభకు ఒకసారి అర్థమైందంటే ఇక కాదు అనేవాళ్లు ఉండరు, మాయమయ్యేవాళ్లే ఉంటారు. ఓటింగ్ మొదలైన దగ్గర్నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఎవరు ముందు వేస్తారా అని కాచుకుని కూర్చునే టెన్షన్ మేమూ పడ్డాం. అలాంటి చోట బిల్లు మంచిచెడ్డల గురించి ఒక్కరూ మాట్లాడరు.

పెద్ద సభలూ ఈ బాధ పడ్డాయి. ఒకప్పుడు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యులు సభలోనే కూర్చుని, పేరు పిలిస్తే పలక్కుండా కోరం లేకుండా చేసేవారు. 1890 జనవరిలో స్పీకర్ థామస్ రీడ్, ఎదురుగా కనిపిస్తున్నవాళ్లు పలకకపోయినా హాజరైనట్టే రాయండి అని గుమాస్తాకు చెప్పి ఆ ఎత్తుకు అడ్డుకట్ట వేశారు, 1892లో అక్కడి సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మనకు ఆ మందు పనిచేయదు. పేరు పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే ఆకుపచ్చ చుక్క వెలిగినంత మాత్రాన ఆ మనిషి సభలో కూర్చున్నాడని చెప్పలేం.

మనకు పనికొచ్చే దారి వేరే ఉంది, అది కష్టమైనదేమీ కాదు. ఎంతమంది ఓటు వేశారన్న కోరం బదులు, ఎంతమంది అవును అన్నారన్న కనీస సంఖ్య పెట్టుకోవాలి. 20 మంది సభలో అవును ఓట్లు కనీసం 7 ఉండాలి, కాదు ఓట్ల కన్నా ఎక్కువ ఉండాలి, అంతే. అప్పుడు కాదు అని వేసిన ఓటు ఏ పరిస్థితిలోనూ బిల్లుకు సాయం చేయదు. దాక్కుంటే లాభం లేదు కాబట్టి ఎవరూ దాక్కోరు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి నడిరాత్రి చట్టం చేసేయడమూ కుదరదు. తటస్థం అన్న ఓటును రికార్డులో ఉంచండి, గెలుపు ఓటముల లెక్కలోకి మాత్రం తీసుకోవద్దు. తటస్థం అంటే కాదు అన్నట్టే అని లెక్క తేలే సమయంలో చెప్పడం, ఆ సభ్యుడి నోట అనని మాట అనిపించడమే.

రాజ్యాంగ సవరణకు మూడింట రెండొంతులు కావాలి అని ఆగిపోయే నియమాలు మరో రకం ప్రమాదం. మూడింట రెండొంతులు సరే, దేంట్లో? 30 మంది సభలో 18 మందే ఓటు వేస్తే, ఓటు వేసినవాళ్లలో అయితే 12 చాలు, మొత్తంలో అయితే 20 కావాలి, అంటే వేసినవాళ్లందరూ అవును అన్నా నెగ్గదు. భారత రాజ్యాంగం 368వ అధికరణం ఈ అనుమానానికి తావివ్వలేదు. ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ ఉండాలి, దాంతోపాటు హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి అని రెండు లెక్కలూ విడివిడిగా చెప్పింది. అమెరికా సెనేట్‌లో చర్చ ముగించడానికి కావలసిన ఓట్లను 1975లో, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండొంతుల నుంచి మొత్తం సెనేటర్లలో ఐదింట మూడొంతులకు మార్చారు. చూడ్డానికి తగ్గించినట్టే ఉంటుంది, కానీ అంతకుముందు చర్చ సాగదీసి అడ్డుకునేవాళ్లు సభకు రాకపోతే అవతలివాళ్ల పని తేలికయ్యేది, ఆ తర్వాత రాకపోయినా అడ్డుకునేవాళ్లకు నష్టం లేదు. భాగహారంలో కింద రాసే అంకె మారితే ఎవరు నిద్ర మేలుకోవాలో మారిపోతుంది.

ఓట్లు సమానమైతే బిల్లు ఓడినట్టే అని ఒక్క ముక్క రాస్తే చాలు, స్పీకర్‌కు నిర్ణాయక ఓటు ఇచ్చి ఇరుకున పెట్టాల్సిన పని లేదు. ఓటు మార్చుకునే హక్కు ఉండనివ్వండి, చర్చ విని మనసు మార్చుకోవడం మంచిదే. అయితే పాత సందేశాన్ని దిద్దకుండా కొత్త సందేశం పెట్టాలి, చివరిదే లెక్కలోకి వస్తుంది, దిద్దిన సందేశం చెల్లదు.

సభ్యుల జాబితా మాటేమిటి? ఓటింగ్ మధ్యలో ఇద్దరు రాజీనామా చేస్తారు, ముగ్గురు కొత్తగా ప్రమాణం చేస్తారు, మొత్తం ఎంత అన్నది రోజుకో రకంగా ఉంటుంది, ఒక్కోసారి గెలిపించడానికే కొత్తవాళ్లను ఆదరాబాదరాగా చేర్చుకుంటారు. ఓటింగ్ తెరిచిన క్షణాన ఉన్న పేర్లే ఆ ఓటింగ్‌కు జాబితా, అది ఓటుకు పెట్టిన ప్రశ్న కిందే అతికించి ఉండాలి.

ఇన్ని నియమాలు చూస్తే కొత్తవాళ్లు బెదిరిపోతారన్న వాదన విన్నాం. ఇవన్నీ కలిపి రాస్తే అరపేజీ దాటవు. కొత్తవాళ్లను బెదరగొట్టేది, ఎక్కడా రాయకుండా పాత సభ్యులకు మాత్రమే తెలిసిన ఆనవాయితీ. ఈ అరపేజీని సభ ముందు ఏ వివాదాస్పద బిల్లూ లేని వారంలో పెట్టండి, అప్పుడైతే ఏ నియమం తమకు లాభమో ఎవరికీ తెలియదు. ఆ సవరణ మీదే మొదట 72 గంటల ఓటింగ్ తెరిచి, ముగింపు వేళ పైన రాయండి.