పశువును చూసే కన్నుంది, తీర్పు చెప్పే చదువేది?

సంక్రాంతికో ఊరి తిరునాళ్లకో మన పల్లెల్లో జరిగే బండలాగుడు పోటీల్లో ఫలితం మీద తగాదా తక్కువ. రెండు పళ్ల జతైనా ఆరు పళ్ల జతైనా, ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. టేపు పెట్టి కొలుస్తారు, అంకె చదువుతారు, అయిపోయింది. అదే ప్రాంగణంలో పక్కన గిత్తల అందాల పోటీ పెట్టి చూడండి. ఫలితం చెప్పీ చెప్పగానే "ఏందయ్యా నా గిత్తకొచ్చిన లోపం?" అని ఒక గొంతు లేస్తుంది. జవాబు చెప్పాల్సిన పెద్దమనిషి అప్పటికే కమిటీ వాళ్లతో కలిసి భోజనాల వైపు నడుస్తుంటాడు.

కుక్కల ప్రదర్శనలదీ ఇదే కథ. కాకపోతే అక్కడ అరిచేవాళ్లు సగం ఇంగ్లీషులో అరుస్తారు. నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, పగ్‌లు ఇప్పుడు కొత్త కాదు. షో అంటే చాలు, వాటికి స్నానం చేయించి, దువ్వి తీసుకొస్తారు. తీర్పు ఎవరు చెప్పాలన్నప్పుడు మాత్రం చేతికందిన పశువుల డాక్టరును కూర్చోబెడతాం. డాక్టరుకు రోగం తెలుసు. అంతమాత్రాన జర్మన్ షెపర్డ్ భుజం ఎముక ఎంత వాలుగా ఉండాలో, వాలు తగ్గితే నడకలో ఏం తేడా వస్తుందో తెలియాలని లేదు. అది వేరే చదువు. ఆ చదువులో సగం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల రైతులకు ముందే వచ్చు. రాని సగమే అసలైనదని నా అభిప్రాయం.

మొదటి డాగ్ షోగా చరిత్ర చెప్పేది 1859 జూన్‌లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జరిగింది. ఏటా జరిగే పశువుల ప్రదర్శనకు అదనపు ఆకర్షణగా పెట్టారు దాన్ని. వేటకు వాడే పాయింటర్, సెట్టర్ అనే రెండు జాతులకే పోటీ. బహుమతులు తుపాకులు. పాయింటర్లలో గెలిచిన కుక్క యజమాని సెట్టర్ల జడ్జీల్లో ఒకడు. సెట్టర్లలో గెలిచిన కుక్క యజమాని పాయింటర్ల జడ్జీల్లో ఒకడు. ఆ రెండూ నిజంగానే మేలైన కుక్కలు కావచ్చు. కానీ ఎవరు నమ్ముతారు? 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టింది ఇలాంటి షోలకు ఒక పద్ధతి తేవడానికే.

1911లో ఏర్పడి, బెల్జియం కేంద్రంగా పనిచేస్తున్న కెన్నెల్ క్లబ్‌ల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ నిబంధనలు చదివితే న్యూకాజిల్ నేర్పిన పాఠం ఇంకా గుర్తున్నట్టే ఉంటుంది. జడ్జి తాను తీర్పు చెప్పే షోలో తన కుక్కను దింపకూడదు. గత ఆరు నెలల్లో తన దగ్గరున్న, తాను అమ్మిన, తాను తయారు చేసిన కుక్క రింగులోకి వస్తే దానికి తీర్పు చెప్పకూడదు. పోటీదారుల కారెక్కి షోకి రాకూడదు. తీర్పు ముగిసేదాకా కేటలాగు తెరవకూడదు, అంటే ఏ కుక్క ఎవరిదో, దాని తల్లిదండ్రులేవో తెలుసుకోకూడదు. ఫలానా షోకి నన్ను పిలవండని నోరు తెరిచి అడగనూ కూడదు. మన గిత్తల పోటీల్లో వీటిలో ఎన్ని పాటిస్తున్నామో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. పోటీకి గిత్తను తెచ్చిన ఆసామి ఇంట్లోనే దిగి, ఆయన ఇంటి భోజనమే తిని రింగులోకి వచ్చిన పెద్దమనిషి ఎంత నిజాయితీపరుడైనా, ఓడినవాడు నిజాయితీని చూడడు, ఆ భోజనాన్నే చూస్తాడు.

ఇక జడ్జి అయ్యే దారి. ఏ దేశపు క్లబ్ చూసినా మూలసూత్రం ఒకటే: ముందు ఏళ్ల తరబడి కుక్కల్ని పెంచో, షోల్లో తిప్పో ఉండాలి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ చాలాకాలం ఒక కొలబద్ద వాడింది. ఒక జాతితో 12 ఏళ్ల అనుభవం, తన దగ్గర పుట్టిన 5 ఈతలు, అందులోంచి 4 చాంపియన్లు. ఆ తర్వాత రింగ్ స్టీవర్డ్‌గా పనిచేయాలి. స్టీవర్డ్ అంటే జడ్జికి చేతికింద మనిషి. నంబర్లు పిలవడం, రానివాళ్లను గుర్తు పెట్టడం, కుక్కల్ని వరసలో నిలబెట్టించడం, రిబ్బన్లు అందించడం అతని పని. చూడ్డానికి చిన్న పనే గానీ, ఒక మంచి జడ్జి పక్కన రోజంతా నిలబడితే వచ్చే చదువు పుస్తకంలో రాదు. ఆపైన రాతపరీక్ష: శరీర నిర్మాణం, నడక, జన్యుశాస్త్రం, ఆరోగ్యం, కుక్క స్వభావం, ఆ జాతి కుక్క ఎలా ఉండాలో రాసిపెట్టుకున్న స్టాండర్డ్, షో నిబంధనలు. తర్వాత అనుభవమున్న జడ్జితో పాటు రింగులో నిలబడి అవే కుక్కలకు విడిగా తన తీర్పు రాసి చూపించాలి. చివర ప్రాక్టికల్ పరీక్ష. ఇంతా చేస్తే చేతికొచ్చేది ఒక్క జాతికో కొన్ని జాతులకో అనుమతి. ఎఫ్‌సీఐ లెక్కలో 10 గ్రూపులు, 350 పైచిలుకు జాతులు. అన్నిటికీ తీర్పు చెప్పే ఆల్‌రౌండర్ కావాలంటే సగం జీవితం పోతుంది. డబ్బు పెద్దగా రాదు.

ఈ తతంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఒక చిన్న కాగితం. ఎఫ్‌సీఐ అంచనాలో జడ్జి గంటకు 20 కుక్కలు చూస్తాడు, ఒక్కోదానికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో పళ్లు చూడాలి, మగదైతే వృషణాలు రెండూ దిగాయో లేదో తడిమి చూడాలి, వీపు గీత, ఛాతీ, కాళ్ల కోణాలు చూడాలి, దూరంగా నడిపించి, ఎదురుగా రప్పించి, పక్కనుంచి పరిగెత్తించి చూడాలి. ఆపైన ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్ అంటూ ఒక శ్రేణి ఇచ్చి, ఎందుకిచ్చాడో రాయించాలి. "మంచి కుక్క" అంటే చెల్లదు. "మూడేళ్ల మగది. తల జాతికి తగినట్టుంది. పళ్లు కత్తెరలా కలిశాయి. వీపు నడకలోనూ కుదురుగా ఉంది. ముందు భుజం నిటారుగా ఉన్నందువల్ల అడుగు పొట్టిగా పడుతోంది." ఇలా ఉండాలి. ఓడిన యజమాని ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్లి, తన కుక్కను మళ్లీ నడిపించి చూసుకోవచ్చు. జడ్జి రాసింది అబద్ధమైతే పదిమందికీ తెలిసిపోతుంది.

మన దగ్గర లేనిది ఆ కాగితమే. కన్నుకు కొరత లేదు. కరవది వైపో కందుకూరు వైపో పెద్ద రైతు ఒకాయన కోడెదూడ పక్కన ఒకసారి నడిస్తే చాలు, మూపురం ఎలా ఎదుగుతుందో, గంగడోలు ఎంత జారుతుందో, కొమ్ము మొదలు పొట్టిగా లావుగా ఉంటుందో లేదో చెప్పేస్తాడు. కళ్ల చుట్టూ నలుపు, తోక కుచ్చు నలుపు, గిట్టల గట్టితనం ఆయన వేరుగా చూడడు, ఒక్కసారే పడతాయి కంటికి. నెల్లూరు గొర్రెల్లో జొడిపి, పల్ల, దొర తేడాలు మేపే పిల్లవాడికి కూడా తెలుసు. కానీ ఎందుకని అడిగితే "చూస్తే తెలియట్లా?" అంటారు. అది తెలిసినవాడికి సరిపోయే జవాబు, ఓడినవాడికి సరిపోదు.

ఇంకో చిక్కుంది. ఆ కంటిలో జాతి లక్షణంతో పాటు నమ్మకం కూడా కలిసిపోయి ఉంటుంది. సుడి సరైనచోట లేదని బంగారంలాంటి గిత్తను పక్కన పెట్టేవాళ్లున్నారు. సంతలో సుడి చూసి ధర తగ్గించడం కొనేవాడి ఇష్టం, డబ్బు ఆయనది. జడ్జి స్థానంలో కూర్చున్నాక ఆ వెసులుబాటు ఉండకూడదు. ఏది స్టాండర్డ్, ఏది నా ఇష్టం, ఏది మా తాత చెప్పింది అని విడదీయడం ఒకరు నేర్పితే తప్ప రాదు.

మరి మన కుర్రాళ్లు డాగ్ షో జడ్జి దారి ఎక్కగలరా? దూరం అడ్డం కాదు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కార్యాలయం చెన్నైలోనే ఉంది. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్ల పైమాట, మనకు ఆస్పత్రికైనా పెళ్లిబట్టలకైనా అలవాటైన దారే. అడ్డం డబ్బు. ఈతల లెక్కన అర్హత అడిగితే, ఇంటిచుట్టూ స్థలం, పెడిగ్రీ (వంశపత్రం) ఉన్న ఆడకుక్కలు, డాక్టరు ఖర్చులు ఉన్నవాళ్లే మిగులుతారు. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని ఈతకు కట్టించి అమ్మాలంటే రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, జీవితం మొత్తంలో 5 ఈతలకు మించకూడదు, పిల్లల్ని 8 వారాల లోపు అమ్మకూడదు. ఈ నిబంధనలను నేను తప్పుపట్టను, ఇంకా గట్టిగా అమలు కావాలి. అయితే జడ్జి కావాలన్న కోరికతో ఎవరూ అక్కర్లేని పిల్లల్ని పుట్టించే పరిస్థితి రాకూడదు. యజమాని నీడలో కూర్చుంటే కుక్కను పట్టుకుని రింగు చుట్టూ పరిగెత్తే హ్యాండ్లర్ కుర్రాడు ఏడాదిలో చూసే కుక్కలు, ఇంట్లో రెండు కుక్కలున్న ఆసామి పదేళ్లలో చూడడు. ఆ అనుభవానికి, స్టీవర్డ్‌గా నిలబడ్డ రోజులకు ఈతలతో సమానంగా మార్కులు పడాలి. స్టాండర్డ్ చదవడానికి ఇంగ్లీషు రావాలన్నది రెండో అడ్డంకి. వాటిని తెలుగులో రాసుకోవడం పెద్ద కష్టమేం కాదు. పశువు ఒంటి మీద ప్రతి భాగానికీ మన రైతుల దగ్గర మాట ఉంది.

చదువుకున్న జడ్జి తప్పు చేయడా అంటే, చేస్తాడు. పేరున్న తప్పులే చేశాడు. 2012లో లండన్ కెన్నెల్ క్లబ్ తన క్రఫ్ట్స్ షోలో ఆరోగ్య సమస్యలు ఎక్కువున్న 15 జాతులకు ఒక షరతు పెట్టింది. జాతిలో మొదటిదిగా నెగ్గిన కుక్కను స్వతంత్ర పశువైద్యుడు చూసి సరే అంటేనే పై పోటీకి వెళ్తుంది. ఆరు జాతుల విజేతలు ఆ పరీక్షలో తప్పాయి. బుల్‌డాగ్, పెకినీస్ వాటిలో ఉన్నాయి. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన జడ్జీలు "ఇదే మేలైనది" అన్నవాటినే డాక్టర్లు వెనక్కి పంపారు. ముక్కు ఇంకాస్త నొక్కుకుపోవాలి, చర్మం ఇంకాస్త ముడతలు పడాలి అని బహుమతులు ఇస్తూ పోతే, పెంచేవాళ్లు అలాంటివే పుట్టిస్తారు. రోహిణీ కార్తె ఎండల్లో నెల్లూరులో పగ్‌ను పెంచేవాళ్లను అడగండి, నొక్కుకుపోయిన ముక్కుతో అది ఊపిరికి ఎంత పెనుగులాడుతుందో చెబుతారు. మన ప్రాంతంలో తయారయ్యే జడ్జికి ఊపిరి, ఎండకు ఓర్చుకోవడం అన్నవి అందంకన్నా ముందు చూడాల్సిన అంశాలు కావాలి. ఎఫ్‌సీఐ జాబితాకు ఎక్కని రాజపాళయం లాంటి దక్షిణాది జాతులకు తీర్పు చెప్పడానికి కూడా ఈ నేల మనిషే నయం.

జడ్జి మాటకు ధర ఎంతో తెలియాలంటే బ్రెజిల్ వైపు చూడాలి. 1960ల మొదట్లో అక్కడికి చేరి ఆ దేశపు మందలకు మూలపురుషుల్లో ఒకటైన గిత్త పేరు కర్వది. ఒంగోలు పక్కన కరవది పేరే. మన ఒంగోలు రక్తంలోంచి పెరిగిన జాతిని అక్కడ నెలోర్ అంటారు. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటాయే దాదాపు 70 లక్షల బ్రెజిల్ రియాళ్లకు అమ్ముడైంది. ఆ ధరలో షో రింగులో గెలిచిన బిరుదుల వాటా చిన్నదేం కాదు. ఆ తీర్పులు చెప్పేవాళ్లను ఉబెరాబాలోని జెబూ పెంపకందార్ల సంఘం కోర్సు పెట్టి తయారు చేస్తుంది. గిత్తను పంపింది మనం, దాన్ని చూసి తీర్పు చెప్పే చదువును కట్టుకుంది వాళ్లు. ఇది చెప్పుకోవడానికి నాకు కాస్త ఉక్రోషంగానే ఉంటుంది.

తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం, లాం పరిశోధన కేంద్రం, చదలవాడ పశుక్షేత్రం మనకు అందుబాటులోనే ఉన్నాయి. కుక్కలకూ గిత్తలకూ కలిపి తీర్పు పద్ధతుల మీద ఒక చిన్న కోర్సు పెట్టడం వాళ్లకు మోయలేని భారం కాదు. పెద్ద రైతులు కన్ను నేర్పాలి, డాక్టర్లు ఎముక నేర్పాలి, చెన్నై నుంచి వచ్చే జడ్జి కాగితం నేర్పాలి. చదువుకునే పిల్లలు స్టీవర్డులుగా నిలబడాలి. అంతదాకా ఆగకుండా ఈ సంక్రాంతికే ఏ కమిటీ అయినా చేయగలిగింది ఒకటుంది. పోటీకి గిత్తను దింపినవాణ్ని, అతని బంధువునీ జడ్జిగా పెట్టకుండా ఉండటం, మొదటి మూడు స్థానాలకూ కారణం మైకులో చెప్పించడం. దానికి పైసా ఖర్చు లేదు.

మొదటి ఏడాది గొడవలు పెరుగుతాయి, అందులో అనుమానం లేదు. కారణం చెప్పిన జడ్జిని పట్టుకుని వాదించడం, చెప్పకుండా వెళ్లిపోయినవాణ్ని పట్టుకోవడం కన్నా సులువు. అయితే అప్పుడు వాదన జడ్జి ఎవరి బంధువన్న దాని మీద ఉండదు, గిత్త భుజం నిటారుగా ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది. గిత్త అక్కడే ఉంటుంది కాబట్టి, నాలుగడుగులు నడిపించి చూసుకోవచ్చు.