బందరును ముందు లెక్కపెట్టండి

2001 జనగణన నాటికి లక్షా ఎనభై వేల దరిదాపుల్లో ఉన్న మచిలీపట్నం (బందరు) పట్టణ జనాభా 2011 నాటికి 1,69,892కు దిగింది. అదే పదేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణ జనాభా మూడింట ఒక వంతుకు పైగా పెరిగింది. రాష్ట్రంలో పట్టణాలు హద్దులు దాటి పొంగుతున్న కాలంలో ఒక జిల్లా కేంద్రంలో జనం తగ్గిపోవడం మామూలు సంగతి కాదు. అయినా ఈ అంకెను ఎవరూ పట్టించుకోలేదు. పైపెచ్చు 2015లో ఆ ఊరికి నగరపాలక సంస్థ హోదా ప్రకటించారు, 2021లో ఆ హోదాతో తొలి ఎన్నికలు జరిపారు. జనం తగ్గిన ఊరికి పేరు పెరిగింది. ఇప్పుడు అక్కడ కడుతున్న పోర్టు పేరిట రోడ్లు, లేఅవుట్లు, పారిశ్రామికవాడల లెక్కలు వేస్తున్నారు. ఆ లెక్కలన్నింటికీ మూలమైన అంకె మాత్రం పదిహేనేళ్ల కిందటిదే.

బందరు చరిత్రలో జనాభా ఎప్పుడూ తిన్నగా పైకి పోలేదు. 1611లో ఇంగ్లీషువారు వర్తకశాల పెట్టేనాటికే డచ్చివారు అక్కడ ఉన్నారు. గోల్కొండ రాజ్యానికి అది ముఖ్యమైన రేవు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపాను, దాని వెంట వచ్చిన ఉప్పెన, పట్టణంలోను చుట్టుపక్కలా దాదాపు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్నాయి. 1871 జనగణనలో ఊరి జనాభా 36,188. ముప్పై ఏళ్ల తరువాత, 1901లో, 39,507. ఒక తరం గడిచినా మూడు వేల పైచిలుకే పెరిగిందన్నమాట. రేవు ప్రాభవం అప్పటికే మద్రాసుకు తరలిపోయింది. 1908లో బెజవాడ నుంచి రైలు వచ్చాక కొంత కదలిక కలిగింది, 1961 నాటికి ఊరు లక్ష దాటింది. ఆ తరువాత నాలుగు దశాబ్దాల పాటు పెరుగుతూ వచ్చిన సంఖ్య 2001 తరువాత వెనక్కి మళ్లింది. 1864లో జనాన్ని సముద్రం తీసుకుపోయింది. ఈసారి ఏ విపత్తూ రాలేదు. ఉదయం విజయవాడ బస్సెక్కినవారు సాయంత్రం తిరిగి రాలేదు, అంతే.

తగ్గుదలకు కారణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. జననాల రేటు పడిపోవడం రాష్ట్రమంతటికీ వర్తించే సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు మాత్రమే పుడుతున్నారు. జనాభా నిలకడగా ఉండాలంటే అది 2.1 ఉండాలి. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను రాష్ట్రం 2024లో ఎత్తివేసిందంటే ప్రభుత్వానికీ ఆ భయం పట్టుకుందనే అర్థం. అయితే పుట్టుకలు తగ్గినంత మాత్రాన ఒక పట్టణం పదేళ్లలో ఇంతగా చిక్కిపోదు. చదువు ముగిసిన పిల్లలు విజయవాడకో హైదరాబాదుకో, అక్కడి నుంచి విదేశాలకో వెళ్లిపోవడమే ఇందులో పెద్ద భాగం. చిలకలపూడి రోల్డుగోల్డు పని, పక్కనే పెడన కలంకారీ, గిలకలదిండి చేపల రేవు, భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం, ప్రభుత్వ కార్యాలయాలు, వీటిని దాటి కొత్త జీతాలు పుట్టించే పని ఊళ్లో పెద్దగా కనబడదు. 1923లో ఒక బ్యాంకును పుట్టించి దేశానికి అందించిన ఊరు అది. ఆ ఊరి పిల్లలే బ్యాంకు ఉద్యోగం కోసం బయటి ఊళ్లకు పోవలసి రావడం ఈ మార్పులో ఒక విచిత్రం.

రోడ్డు సంగతి కూడా చెప్పుకోవాలి. మచిలీపట్నం నుంచి విజయవాడకు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. దూరం డెబ్బై కిలోమీటర్ల లోపే. రోడ్డు బాగుపడితే పరిశ్రమ వస్తుందని అందరం ఆశపడ్డాం. ఆ రోడ్డు మీద ముందుగా తేలికైంది ఉద్యోగుల రాకపోకలు. జిల్లా కేంద్రంలో పనిచేస్తూ విజయవాడలో కాపురముండేవారికి అది వరమైంది. వారి జీతం బందరు ఖజానా నుంచి వస్తుంది. వారి ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, నెలసరి సరుకుల డబ్బు బెంజి సర్కిల్ చుట్టూ ఖర్చవుతాయి. రైలుమార్గానికి విద్యుదీకరణ జరిగింది, కాని రైలు ఇప్పటికీ బందరుతోనే ఆగిపోతుంది. రేపల్లె వైపు పొడిగించాలన్న కోరిక దశాబ్దాలుగా కాగితాల మీదే ఉంది. చివరి స్టేషనుకు దిగవలసినవారే వస్తారు. దారిలో ఆగి టీ తాగేవారుండరు. 2022 జిల్లాల విభజనతో 45 లక్షల జనాభా గల కృష్ణా జిల్లా 17 లక్షల పైచిలుకుకు పరిమితమైంది. ఆ మేరకు కలెక్టరేటు మెట్లెక్కే జనమూ తగ్గారు.

ఇంత చెప్పాక మరో అనుమానాన్ని కూడా దాచుకోరాదు. ఊరు నిజంగా తగ్గిందా, లేక హద్దు దాటి వెళ్లిందా? నగరపాలక సంస్థ పరిధికి ఆవలనే పోతేపల్లి, రుద్రవరం, కరగ్రహారం వంటి గ్రామాలున్నాయి. ఊళ్లో స్థలం కొనలేని కుటుంబం అక్కడ ఇల్లు వేసుకుంటే, ఆ కుటుంబం బజారు, బడి, ఆసుపత్రి అన్నీ బందరులోనే ఉన్నా లెక్కలో అది పల్లె జనాభాయే అవుతుంది. చీరాలను చూడండి: 2011లో పట్టణంలో 87 వేలుండగా, చుట్టూ అల్లుకున్న ఊళ్లతో కలిపితే లక్షా అరవై వేలు దాటింది. రాబోయే జనగణన కోసం పరిపాలన హద్దులను 2025 చివరితో బిగించేశారు కనుక ఈసారీ శివారు ఊళ్లు విడిగానే లెక్కకు వస్తాయి. తమ వార్డుల అంకెలకు తోడు చుట్టూ అయిదారు కిలోమీటర్ల మేర ఉన్న గ్రామాల అంకెలను కూడా పక్కపక్కన పెట్టి చూసుకునే పని నగరపాలక సంస్థ తానుగా చేయాలి. ఢిల్లీ నుంచి ఎవరూ వచ్చి చేసిపెట్టరు.

జనం తగ్గినంత మాత్రాన ఇళ్ల అవసరం తగ్గదు. పది మంది ఉన్న ఉమ్మడి కుటుంబం మూడు కాపురాలైతే మూడు కుళాయిలు, మూడు మీటర్లు, మూడు చెత్తబుట్టలు కావాలి. మరోవైపు రాబర్ట్‌సన్‌పేట, ఈడేపల్లి వంటి పాత పేటల్లో పెద్ద పెద్ద ఇళ్లలో ఇద్దరేసి ముసలివారు మిగిలిపోవడం, వారి తరువాత ఆ ఇంటికి తాళం పడడం మనం చూస్తున్నదే. పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటారు. ఆస్తి పంపకం తేలదు. ఇల్లు అమ్మకానికీ రాదు, అద్దెకూ రాదు. ఊరి నడిబొడ్డున నీళ్ల గొట్టం, మురుగుకాలువ, వీధిదీపం అన్నీ ఉన్న స్థలం ఖాళీగా పడి ఉండగా, ఏమీ లేని పల్లపు పొలాల్లో పోర్టు పేరు చెప్పి వెంచర్లు రాళ్లు పాతుతున్నాయి. పోర్టుకు 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో మరొకరు, 2023లో ఇంకొకరు పనులు ప్రారంభించారు. శంకుస్థాపన జరిగిన ప్రతిసారీ సెంటు ధర లేచింది. ఇల్లు మాత్రం లేవలేదు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెతను ఇక్కడ పూర్తి చేయనక్కరలేదు.

పేదలకిచ్చిన స్థలాల విషయం ఇంకా తీవ్రమైనది. గత ప్రభుత్వం పట్టణ పేదలకు సెంటు చొప్పున పట్టాలిచ్చింది; ప్రస్తుత ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లంటోంది. ఎన్ని సెంట్లన్న వాదన రాజకీయంగా రసవత్తరంగా ఉంటుంది గాని బందరులో అడగవలసిన మొదటి ప్రశ్న ఆ స్థలం ఎంత మెరక మీద ఉందన్నది. ఈ ఊరి చుట్టూ నేల చదునుగా, సముద్రమట్టానికి కాస్త పైన, ఉప్పు తేలి ఉంటుంది. చౌకగా దొరికే భూమి ఎప్పుడూ పల్లమే. లారీల కొద్దీ మట్టి తోలి మెరక చేస్తే ఆ లేఅవుట్ గట్టున పడుతుంది; దాని మీది నీరు పక్క కాలనీలోకి పోతుంది. ఒక కాలనీ మెరక కావడమంటే ఇంకొక కాలనీ గుంట కావడమే. 1977 దివిసీమ ఉప్పెన, 2004 సునామీ, 2023 డిసెంబరులో బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్ తుపాను, 2025 అక్టోబరులో మచిలీపట్నానికీ కాకినాడకూ నడుమ తీరం దాటిన మోంథా తుపాను, ఇన్ని చూసిన తరువాత కూడా ఇంటి స్థలానికి ఎత్తు కొలిచే పద్ధతి లేకపోవడం మనకు సిగ్గుచేటు.

అన్నింటికంటె ముందు చెప్పవలసింది మంచినీళ్ల సంగతి. ఉప్పునేల మీది ఊరు కనుక బోరు వేస్తే చాలా చోట్ల తాగేందుకు పనికిరాని నీరే పడుతుంది. తాగే నీరు రావలసింది ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువ ద్వారానే. కృష్ణా తూర్పు డెల్టాలో బందరు చిట్టచివరి శివారు. కాలువ కట్టేసిన వేసవి నెలల్లో తరకటూరు చెరువులో నిలవ చేసుకున్న నీటితోనే ఊరు గడవాలి. ఎగువ రైతుకు నీరు చాలని ఏడాది ఆ నిలవకూ చాలదు. పట్టిసీమ ఎత్తిపోతల పథకం వచ్చాక గోదావరి నీటితో డెల్టాకు కొంత ఊరట కలిగిన మాట వాస్తవమే గాని, శివారు శివారే. దారి పొడవునా ఊళ్ల మురుగు, చేపల చెరువుల వాడకం నీరు కలుస్తూ ఆ కాలువ చివరికి చేరేసరికి దాన్ని శుద్ధి చేయడానికయ్యే ఖర్చు కూడా పెరుగుతోంది. లక్ష జనాభా దాటిన పట్టణాల కోసం 2015లో తెచ్చిన అమృత్ పథకంలో మచిలీపట్నం కూడా ఉంది. దాని కింద గొట్టాలు వేశారు, ట్యాంకులు కట్టారు. గొట్టంలోకి ఏప్రిల్, మే నెలల్లో ఎంత నీరు వస్తుందన్నది వేరే లెక్క. కొత్తగా ఒక్క పారిశ్రామికవాడకు నీరిస్తామని ఎవరైనా ప్రకటించేముందు, ఇప్పుడున్న కుళాయిలకు వేసవిలో తలకు ఎన్ని లీటర్లు అందుతున్నదో వార్డుల వారీగా బయట పెట్టాలి. పోర్టుకూ, దాని వెంట వచ్చే గోదాములకూ, కార్మికుల బసలకూ కావలసిన నీటిని ఇదే చెరువు నుంచి తీస్తారా, వేరే నిలవ కడతారా అన్నది కాగితం మీద తేలాలి. తేలకపోతే ఆ భారం చివరికి మెట్ట మీది పేటలకు గాక, గొట్టం చివరనున్న పేద వీధులకే పడుతుంది.

మురుగు కూడా నీటి కథకు రెండో సగమే. చదునైన నేలలో మురుగు తనంతట తాను పారదు. సముద్రం పోటు మీదున్న వేళ డ్రెయిన్ల నోళ్లు మూసుకుపోతాయి. ఆ సమయంలోనే వాన పడితే నీరు వీధుల్లోనే నిలుస్తుంది. దీనికి మందు సిమెంటు కాలువలు ఇంకా వెడల్పు చేయడం కాదు. పోటు నీటిని ఆపే తలుపులు, పంపులు, ఊరి నీరు కాసేపు నిలవ ఉండేందుకు వదిలేసిన చెరువులు, మడ అడవులు. వెంచర్ల కింద పూడిపోతున్నవి సరిగ్గా ఈ చెరువులూ పల్లాలే.

పోర్టును మేము వ్యతిరేకించడం లేదు. తొలి దశలో నాలుగు బెర్తులతో కడుతున్న ఆ రేవు పూర్తి కావాలనే కోరుకుంటున్నాం. 2016లో దాని పేరిట ముప్పై వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు నోటిఫికేషన్ ఇచ్చి పల్లెలను ఏళ్ల తరబడి అయోమయంలో ఉంచిన తప్పు మళ్లీ జరగకూడదనే మా పట్టుదల. ఈనాటి రేవుల్లో క్రేన్లూ కన్వేయర్లూ పని చేస్తాయి. నూరేళ్ల కిందటిలా వేల మంది కూలీలు బస్తాలు మోయరు. 2008లో మొదలైన కృష్ణపట్నం ఓడరేవు భారీగా సరుకు దింపుతోంది గాని దాని పక్కన ఒక నగరం పుట్టలేదు, పెరిగింది నెల్లూరు. బందరు విషయంలో ఆ నెల్లూరు పాత్ర విజయవాడకు దక్కే అవకాశమే ఎక్కువ. అలా కాకుండా ఉండాలంటే పోర్టులో పనిచేసేవారు బందరులోనే కాపురముండడానికి తగిన అద్దె ఇళ్లు, బడులు, వైద్యం ఉండాలి. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం, 2023లో తరగతులు మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఇందుకు మంచి ఆధారాలు. అక్కడి అధ్యాపకులు, వైద్యులు ఎందరు ఊళ్లో ఉంటున్నారో చూస్తే రాబోయే పోర్టు ఉద్యోగులు ఏం చేస్తారో ఊహించవచ్చు.

2026లో ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో తలల లెక్క అన్నది కేంద్రం ప్రకటించిన క్రమం. ఇళ్ల జాబితాలో ప్రతి కట్టడం నమోదవుతుంది: ఎందులో మనుషులున్నారు, ఏది ఖాళీగా ఉంది, ఏది తాళం వేసి ఉంది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, మరుగుదొడ్డి ఉందా లేదా. ఈ ఊరికి ఇంతకంటె విలువైన పత్రం మరొకటి దొరకదు. నగరపాలక సంస్థ, మచిలీపట్నం పట్టణాభివృద్ధి సంస్థ కలిసి ఆ వివరాలు వచ్చేలోగా ఒక్క పని చేయగలవు. ఊరి వీధులకూ శివారు గ్రామాలకూ ఎత్తుపల్లాల పటం గీయించి, పోటు వేళ నీరు ఎక్కడిదాకా వస్తుందో దానిపై గుర్తించి, వార్డు సచివాలయాల గోడలకు తగిలించాలి. ఆ పటం తయారయ్యేదాకా పల్లపు భూముల్లో ప్రభుత్వ లేఅవుట్‌కు గాని ప్రైవేటు వెంచర్‌కు గాని కొత్తగా అనుమతి ఇవ్వరాదు.