ఒక్క గర్భిణికి ఒక్కతే సిస్టరా? కుదరదంటే కుదరదు

నెల తప్పిన నాటి నుంచి బాలింత లేచి తిరిగేదాకా ఒకే మిడ్‌వైఫ్ (కాన్పులు చూడటంలో ప్రత్యేక శిక్షణ పొందిన సిస్టరు), లేదా ఒకరినొకరు ఎరిగిన చిన్న బృందం చూసుకోవాలట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణుల సంరక్షణ మార్గదర్శకాల్లో ఈ మాట రాసేసింది. మిడ్‌వైఫరీ వ్యవస్థ బాగా నడిచే చోట్ల మాత్రమే అని షరతు పెట్టడం వాళ్ల మంచితనం. ఆ షరతు మనకు వర్తించకుండా హైదరాబాదులో అందరం కలిసికట్టుగా జాగ్రత్తపడుతున్నాం.

నిజానికి ఇప్పుడున్న పద్ధతిలో లోపమేముంది? ఉదయం 8 నుంచి 2 దాకా ఒక సిస్టరు, 2 నుంచి రాత్రి 8 దాకా మరొకరు, నైట్ డ్యూటీకి ఇంకొకరు. తొలి కాన్పులో గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా నొప్పులు 12 గంటల వరకూ సాగొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకు చేరిన అమ్మాయికి బిడ్డ మొహం చూసేలోపు మూడు కొత్త మొహాల దర్శనం ఖాయం. "ఎన్నో కాన్పమ్మా? నొప్పులెప్పుడు లేసినయ్? బీపీ, షుగర్ ఏమన్న ఉన్నయా?" అని ముగ్గురూ మొదటికొచ్చి అడుగుతారు. రెండు నొప్పుల మధ్య దొరికే రెండు నిమిషాల్లో ఆమె జవాబులన్నీ ఒప్పజెబుతుంది. ఏ టానిక్కూ ఇవ్వలేని జ్ఞాపకశక్తి ఇది.

తెలిసిన సిస్టరుంటే వచ్చే అసలు చిక్కు చెబుతాను. మూడో నెలలో బీపీ 90/60. తొమ్మిదో నెలలో 128/84. 140/90 దాటలేదు కాబట్టి కొత్త మొహం "నార్మల్" అని రాసి పక్క బెడ్డుకు పోతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. మొదటి నుంచి చూస్తున్న మనిషి అలా ఊరుకుంటుందా? తలనొప్పి ఉందా, కళ్లు మసకబారుతున్నాయా, కుడి డొక్క కింద నొప్పి ఉందా అని ఆరా తీస్తుంది, మూత్రంలో ప్రొటీన్ చూస్తుంది, మళ్లీ త్వరగా రమ్మంటుంది. పని పెంచడం కాదా ఇది? ఫిట్స్ వచ్చేదాకా ఆగితే అన్నీ పుస్తకంలో ఉండనే ఉన్నాయి: ఫిట్స్ ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నరంలోకి మెల్లగా, పిరుదుకు 5 చొప్పున కండలోకి మరో 10. ఆపైన 4 గంటలకోసారి 5 గ్రాములు. ప్రతిసారీ ఇచ్చే ముందు మోకాలి మీద తడితే కాలు ఎగురుతోందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లైనా వస్తోందా అని చూడాలి. మందు ఎక్కువైతే విరుగుడుగా పక్కనే కాల్షియం గ్లూకోనేట్ పెట్టుకోవాలి. ముందే పసిగడితే ఇంత విద్య ప్రదర్శించే అవకాశమే పోతుంది.

కాన్పు ఎలా సాగుతోందో గంటగంటకూ గీసే పట్టిక, పార్టోగ్రాఫ్ సంగతికొద్దాం. బిడ్డ గుండె చప్పుడు అరగంటకొకసారైనా, ఒక నిండు నిమిషం వినాలి. నొప్పులెన్ని వస్తున్నాయో తెలియాలంటే అరగంటకోసారి పొట్ట మీద చెయ్యి వేసి 10 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఒక్కో తల్లికి 11 నిమిషాలు. మూడో తల్లికే అరగంట దాటిపోతుంది. ఐదుగురుంటే? అందుకే మన లేబర్ రూముల్లో కాన్పయ్యాక, తీరిగ్గా టీ తాగుతూ గీసే పార్టోగ్రాఫ్ పుట్టింది. అందులో గీత ఎక్కడా వంకరపోదు, ప్రతి బిడ్డ గుండే 140 కొడుతుంది. చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంటుంది.

ఇక ఫోన్ నంబరు. ఇలాంటి సేవ చేసే మిడ్‌వైఫ్ తన సొంత నంబరే ఇవ్వాల్సి వస్తుంది. రాత్రి పదకొండింటికి "సిస్టర్, పావుగంటకొక నొప్పొస్తున్నది" అంటే "ఇంకా టైముంది, తిను, నడువు, ఐదు నిమిషాలకొకటి అయినంక రా" అంటుంది. అదే "నీళ్లు పోయినయ్, పచ్చగున్నయ్" అంటే నొప్పుల కోసం చూడకుండా వెంటనే 108కి చెయ్యమంటుంది. బిడ్డ లోపలే మలం వదిలిందని ఆమెకు అర్థమవుతుంది. మొదటి రకం సలహా మరీ ప్రమాదం. 2 సెంటీమీటర్లకే చేర్చుకుని, సాయంత్రానికి విసుగొచ్చి నొప్పులు పెంచే డ్రిప్పు పెట్టి, డ్రిప్పుకు బిడ్డ గుండె తగ్గిందని థియేటరుకు తోసే సంప్రదాయం ఏమైపోవాలి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటులో 81.5. ఇంత కష్టపడి సాధించిన స్థానాన్ని ఒక ఫోన్ కాల్‌కు వదిలేస్తామా? పైగా పంతులుగారు ముహూర్తం పెట్టాక నొప్పులతో పనేముంది?

ఒకే మిడ్‌వైఫ్ వెంట ఉంటే మేలని 2016లో 15 ట్రయల్స్, 17,674 మంది తల్లుల లెక్క చూపించారు. ఆ తల్లులంతా బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లండ్ వాళ్లు. మన తల్లులకు వర్తించదని తేల్చేయడానికి ఇంతకన్నా ఏం కావాలి? పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్ ప్రాంతంలో మాత్రం 2013 నుంచి ప్రభుత్వాసుపత్రి మిడ్‌వైఫ్‌లను పల్లెలకు పంపి, కాన్పు తర్వాత ఇళ్లకూ వెళ్లి చూసే ఏర్పాటు చేశారు. వాళ్లకు కార్లు ఇచ్చారు. కార్లు! మనం షేర్ ఆటో వంటి సామ్యవాద వాహనాన్ని వదులుకోలేం.

కేంద్రం 2018లో మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది, నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ అంది. చాలా మంచిది. శిక్షణ పూర్తయిన సిస్టరును మెడికల్ వార్డులో నైట్ డ్యూటీకి వేస్తే అనుభవం విస్తరిస్తుంది. లేబర్ రూములోనే ఉంచితే తల్లిని కూర్చోబెట్టి, పక్కకు తిప్పి, గొంతుక్కూర్చోబెట్టి కాన్పు చేస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టే బల్ల ఖాళీగా ఉంటే ఆడిట్‌లో ఏం చెప్పాలి?

ఇంకా మొండికేసేవారికి చివరగా లెక్క. ఇంగ్లండ్‌లో ఇలాంటి సేవకు ఒక్కో మిడ్‌వైఫ్‌కు ఏడాదికి 36 మంది గర్భిణుల చొప్పున వేసుకుంటారు. ఏడాదికి 3,600 కాన్పులయ్యే ఆసుపత్రి అనుకుందాం, 100 మంది కావాలి. పోస్టులు, జీతాలు, బండి, కార్యాలయం ఫోను, ఎవరిని థియేటరుకు పంపాలో తేల్చే చర్చలో మిడ్‌వైఫ్‌కో మాట, అన్నీ అడుగుతారు. ఫైలు కదిలేదాకా రాత్రి పదకొండింటి ఫోన్లు ఆమే ఎత్తుతుంది. రీచార్జి గురించి బెంగపడకండి, అది ఎప్పటి నుంచో ఆమె జీతంలోంచే ఆగకుండా పోతోంది.